పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్ళకి దీవుల గురించి మూడు సాయంత్రాలు మాట్లాడాలి, ఎక్కడ మొదలుపెట్టను?

జంగ్లీఘాట్ అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పోర్ట్ బ్లెయిర్. 2024 నుంచి కాగితాల మీద శ్రీ విజయపురం, ఇంట్లో మాత్రం ఇంకా పాత పేరే. మా తాత 1960ల్లో కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చాడు. నాన్నకి జంగ్లీఘాట్‌లో పడవ ఉంది. నేను ఇక్కడే మెరైన్ బయాలజీ చదివి, ఒక చిన్న ప్రాజెక్టులో పగడపు దిబ్బల సర్వే పని చేస్తున్నాను.

మా వీధి తెలుగు సంఘం వాళ్ళు ఆగస్టులో మూడు శనివారాలు, సాయంత్రం గంటసేపు మాట్లాడమన్నారు. మొదటి వారం దీవుల ప్రకృతి, రెండో వారం దాని రక్షణ, మూడో వారం ఇక్కడి మనుషుల చరిత్ర అని వాళ్ళే పంచి ఇచ్చారు. వచ్చేది చేపల వేటకెళ్ళే మగవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, తెలుగు మీడియం పిల్లలు, రిటైరైన పెద్దవాళ్ళు.

పోయినేడు ఒకచోట ఇలాగే మాట్లాడాను. నలభై స్లైడ్లు చేశాను. 2010 ఏప్రిల్, మే నెలల్లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోయిన గ్రాఫులు పెట్టాను. ఇరవై నిమిషాలకే పిల్లలు బయటికెళ్ళిపోయారు. చివర్లో ఒక పెద్దాయన లేచి, "అమ్మా, ఇదంతా విని మేం వేట మానెయ్యాలా?" అని అడిగారు. ఆయన కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఈసారి అలా కాకూడదు. దేనితో మొదలుపెట్టాలి? మనకంటే ముందున్నవాళ్ళ సంగతి చెప్పేటప్పుడు, మనవాళ్ళని బోనులో నిలబెట్టినట్టు కాకుండా ఎలా చెప్పాలి? గ్రేట్ నికోబార్ దీవిలో రాబోయే పెద్ద ప్రాజెక్టు గురించి అడిగితే ఏమనాలి? ఇలాంటి ప్రసంగాలు ఇచ్చినవాళ్ళు, విన్నవాళ్ళు చెప్పండి. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

సిప్పీఘాట్ మాస్టారు

తల్లీ, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న నీకు దొరికిన బంగారం. దాన్ని మూడో వారం దాకా దాచకు. మొదటి శనివారం మొదటి మాటగా ఆ ప్రశ్ననే వాళ్ళకి చెప్పు. "పోయినేడు నన్నొకరు ఇలా అడిగారు, నేను చెప్పలేకపోయాను, ఈ మూడు వారాలూ మనం దాని గురించే మాట్లాడుకుందాం" అను. హాలు నీది అయిపోతుంది.

ముప్పై ఏళ్ళు ఇక్కడ తెలుగు మీడియం పిల్లలకి సైన్సు చెప్పాను. సునామీ తర్వాత నుంచి బళ్ళలో, చర్చిల్లో, రామాలయం పందిట్లో, జెట్టీ దగ్గర టీ కొట్టు ముందు, ఎక్కడ పిలిస్తే అక్కడ మాట్లాడుతున్నాను. ప్రకృతి ఒక వారం, రక్షణ ఒక వారం, మనుషులు ఒక వారం అని కొయ్యడం నాకు నచ్చలేదు. దీవి మీద అవి విడివిడిగా లేవు. ఇక్కడ ఏ జీవిని పట్టుకున్నా అది ఎలా వచ్చిందనే ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్నకి జవాబులో ఎవరో ఒక మనిషి ఉంటాడు. మనిషిని పట్టుకుంటే అతని వెంట వచ్చిన మొక్కా, మేకా, జబ్బూ ఉంటాయి. సంఘం వాళ్ళు పంచిన పేర్లు పోస్టరు మీద ఉండనీ, నువ్వు మాత్రం మూడు వారాలూ ఒకే కథ చెప్పు.

మొదటి రోజు స్లైడ్లు వద్దు. ఒక గాజు పలక, కాస్త గంజి, ఒక ఆఫ్రికా నత్త పట్టుకెళ్ళు. ఆగస్టు వాన కాబట్టి వెతుక్కునే పని కూడా లేదు. మా ఇంటిది రాత్రి తొమ్మిదికి టార్చి వేసుకుని బీరపాదు దగ్గరికి వెళ్తే అరగంటలో బకెట్ నిండుతుంది. పట్టేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కో, వాటిలో మెదడుకి ఎక్కే పురుగు ఉండవచ్చు. గాజు పలకకి గంజి పలచగా రాసి ఆరనిచ్చి, నత్తని దానిమీద పెట్టి, పలకని పైకెత్తి పట్టుకో. పిల్లల్ని కిందనుంచి చూడమను. నోరు తెరుచుకుంటుంది, లోపల్నుంచి ఆకురాయిలాంటి నాలుక వచ్చి గంజిని గీకుతుంది, మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. అది వెళ్ళిన దారంతా గాజు మీద వంకర గీతలు మిగులుతాయి. యాభై మంది పిల్లలున్న గదిలో ఆ రెండు నిమిషాలు చప్పుడుండదు. నేను ఎన్నిసార్లు చేసినా అంతే.

అప్పుడు అడుగు, ఇది మన ఊరిదేనా అని. వెనక నుంచి ఎవరో ఒక పెద్దావిడ "జపానోళ్ళు తెచ్చారు" అంటుంది. 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం ఇక్కడున్నప్పుడు తిండికి తెచ్చిన నత్త అది, తూర్పు ఆఫ్రికా దాని పుట్టిల్లు. సైన్యం పోయింది, నత్త ఉండిపోయింది. ఒక్కోసారి వంద, రెండు వందల గుడ్లు పెడుతుంది. దాన్ని అదుపులో పెట్టేంత శత్రువు ఇక్కడ లేదు. బొప్పాయి మొక్కా, బీరపాదూ, చిక్కుడు మొలకా పోగొట్టుకోని ఇల్లు ఆ హాల్లో ఒక్కటీ ఉండదు. బయటి జీవి దీవి మీదికొస్తే ఏమవుతుందో వాళ్ళకి నువ్వు చెప్పాల్సింది లేదు, వాళ్ళే నీకు చెప్తారు.

అక్కణ్ణుంచి చుక్కల జింక దగ్గరికి వెళ్ళు. రాస్ దీవికి (ఇప్పుడు నేతాజీ పేరు పెట్టారు) వెళ్ళి జింకకి బిస్కట్ పెట్టి ఫొటో దిగని కుటుంబం లేదు కదా. దాన్ని బ్రిటిష్ వాళ్ళు వేట సరదాకి తెచ్చి వదిలారు. అండమాన్ అడవిలో పులి లేదు, చిరుత లేదు, తోడేలు లేదు. ఈ అడవిలోనే బతికే జారవా తెగవాళ్ళు అడవి పందిని వేటాడతారు, జింక వాళ్ళ తిండిలో లేదు. పైగా అది బాగా ఈదుతుంది, ఒక దీవి నుంచి ఇంకో దీవికి తనే పోతుంది. ఇప్పుడు చాలా చోట్ల అడవిలోకి వెళ్తే పెద్ద చెట్లుంటాయి గానీ, వాటి కింద మోకాలెత్తు మొక్క కనపడదు. మొలిచింది మొలిచినట్టే జింక తినేస్తోంది. అంటే ఆ అడవికి ముసలివాళ్ళున్నారు, పిల్లలు లేరు. ఈ మాట నేను చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళ ముఖాలు మారిపోతాయి. ఇంటర్‌వ్యూ దీవి కథ కూడా దీనికి కలుపు: 1962లో ఒక కలప కంపెనీ దివాలా తీసి నలభై దాకా పెంపుడు ఏనుగుల్ని అక్కడ వదిలేసింది. ఏనుగు పెద్ద చెట్టు బెరడు ఒలుస్తుంది, జింక మొలక తింటుంది. పైనుంచీ కిందనుంచీ ఒకేసారి.

నార్కొండం గురించి రెండు మాటలు చాలు. ఏడు చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక ముక్కుపెద్ద పక్షి, నార్కొండం హార్న్‌బిల్, అక్కడే ఉంటుంది, మొత్తం కలిపి మహా అయితే వెయ్యి దాకా. పోలీసు ఔట్‌పోస్టు వాళ్ళు తిండికి పెంచుకున్న మేకలు అడవిలో పడి మొలకల్ని తినేస్తే, చివరికి మేకల్ని అక్కణ్ణుంచి తీసేశారు. తీసెయ్యగలిగారు కూడా. తప్పు దిద్దిన కథ ఒక్కటైనా మొదటి రోజే చెప్పు, లేకపోతే జనం రెండో వారం రారు.

రెండో వారం మా సిప్పీఘాట్ చూపించు. దీనికి మాత్రం ఫొటోలు కావాలి. 2004 డిసెంబర్ 26, ఆదివారం. పొద్దున్నే భూమి ఊగింది, తర్వాత నీళ్ళొచ్చాయి, అదంతా అందరికీ తెలుసు. అందరూ మరిచిపోయేది ఆ తర్వాతి వారం. మా ఇంటి వెనక ఒక బెంగాలీ కుటుంబం వరి పొలం ఉండేది, కోత అయిపోయి మోళ్ళు మిగిలాయి. ఆ మోళ్ళ మధ్య నీళ్ళు నిలబడ్డాయి. రెండు రోజుల్లో పోతాయి అనుకున్నాం. పోలేదు. పాటుకి కాస్త తగ్గుతాయి, పోటుకి మళ్ళీ వస్తాయి. ఆ ఇంటి పెద్దాయన రోజూ గట్టు మీద నిలబడి ఒక వెదురు కర్ర పాతి గుర్తు పెట్టేవాడు. పదో రోజున నన్ను పిలిచి, "మాస్టర్‌జీ, సముద్రం పైకి రాలేదు, మన నేల కిందికి పోయింది" అన్నాడు. ఆయనే కరెక్టు. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ నేల దాదాపు ఒక మీటరు దిగింది. దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్లకు పైగా కుంగింది, లైట్‌హౌస్ మొదలు సముద్రంలో నిలబడింది. ఉత్తరాన ఇంటర్‌వ్యూ దీవి వైపు నేల మీటరుకు పైగా లేచింది, పగడపు దిబ్బలు ఎండలోకి వచ్చి చచ్చిపోయాయి. త్రాసులో ఒక తట్ట లేస్తే ఇంకో తట్ట దిగినట్టు, ఒకే ఉదయాన.

ఆ పొలంలో కొబ్బరిచెట్లు వెంటనే చావలేదు. నెలల తరబడి ఒక్కొక్కటే తల వాల్చాయి. తర్వాత మడ మొక్కలు తమంతట తామే వచ్చాయి. కొంగలొచ్చాయి, బాతులొచ్చాయి, ఇప్పుడు కెమెరాలు పట్టుకుని మనుషులొస్తున్నారు. పక్షుల కోసం వచ్చేవాళ్ళకి అది అందమైన చోటు. ఆ పెద్దాయనకి అది తన పొలం. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థిగా వచ్చినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. ఈ రెండూ నిజమే అని చెప్పు, ఒకదాన్ని తగ్గించి ఇంకోటి చెప్పకు. మడ అడవి ఉన్నచోట ఒడ్డు కోత తక్కువ, చేపపిల్ల ఎదిగేది ఆ వేళ్ళ మధ్యనే అని అప్పుడు చెప్తే వేటగాళ్ళు తలూపుతారు, ఎందుకంటే వాళ్ళు పీతలు పట్టేది అక్కడే. మనం చేపల వ్యర్థాలు కాలువలో పారేస్తే మొసలి అలవాటు పడుతుందనే మాట కూడా ఆ రోజే చెప్పు. పిల్లలు స్నానం చేసే చోటు అది.

ఆ వారమే వాళ్ళని మాట్లాడనివ్వు. ఇరవై నిమిషాలు మైకు వాళ్ళకే. "మీ నాన్న కాలంలో వంజరం ఎంత దూరంలో దొరికేది? ఇప్పుడు ఎంత డీజిల్ కాలుస్తున్నారు?" అని అడిగి కూర్చో. పెద్దాయన ప్రశ్నకి జవాబు అక్కడ పుడుతుంది. వేట మానడం కాదు, ఏ చేప, ఏ వల, ఏ నెల అనేది మాట్లాడటం. దాన్ని నీ నోటితో చెప్పేకంటే నలభై ఏళ్ళు సముద్రం మీద ఉన్నవాడు చెప్తే పక్కవాడు వింటాడు.

మూడో వారం. ఇక్కడ జాగ్రత్త. చౌల్దారిలో గుల్లల కుప్ప తవ్వారు చూడు, అక్కడ మొదలుపెట్టు. తరతరాలు ఒకేచోట కూర్చుని తిని పారేసిన గుల్లలు, పంది ఎముకలు, కుండ పెంకులు. రెండు వేల ఏళ్ళకు పైబడిన కుప్ప అది. మనం రోజూ తినే గుల్ల మాంసమే వాళ్ళూ తిన్నారు. ఆ ఒక్క విషయంతో దూరం సగం తగ్గుతుంది. తర్వాత 1858 మార్చి 10. డాక్టర్ వాకర్ అనే అధికారి రెండు వందలమంది ఖైదీలతో చాథం దగ్గర దిగాడు. అడవి కొట్టడం మొదలైంది. ఆ తర్వాత 1877లో తట్టు వచ్చింది. మన ఇంట్లో పిల్లకి తట్టు పోస్తే వేపాకు పరిచి పడుకోబెడతాం, చాలావరకు లేచి తిరుగుతుంది. ఆ రోగం ఎన్నడూ చూడని ఒంటికి అది వేరు. ఈ దీవుల మొదటివాళ్ళలో ఒకరైన గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్ళు, 1961 లెక్కల నాటికి పంతొమ్మిదిమంది. ఇక్కడ ఆగు. ఏమీ అనకు, ఒక నిమిషం ఆగు. తర్వాత, 1999లో అదే తట్టు జారవాలకి వచ్చింది అని చెప్పు. జారవాల అడవిలో రోడ్డు మీద బస్సు ఆపి బిస్కట్ విసరకూడదని ఎందుకంటారో, ఆ హాల్లో తల్లులకి ఇంకెవరూ వివరించక్కర్లేదు.

మనవాళ్ళ సంగతి మీ తాతతో చెప్పు. రంపలో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొరని ద్వీపాంతరం పంపింది ఇక్కడికే, అది మన పేరు ఇక్కడ వినపడిన ఒక రకం. తిరిగెళ్ళాక 1952లో ఆయన మొదటి లోక్‌సభకి గెలిచాడు. మీ తాతలా వల భుజాన వేసుకుని కడుపు కోసం వచ్చినవాళ్ళు ఇంకో రకం. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్ళు. ఎవరూ దొంగతనంగా రాలేదు. కానీ వచ్చినప్పుడు ఈ నేల ఖాళీగా కూడా లేదు. ఈ రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి, అదే గొంతుతో చెప్పు.

గ్రేట్ నికోబార్ గురించి తప్పకుండా అడుగుతారు. కాగితాల మీద ఉన్నది చెప్పు: రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, కరెంటు ప్లాంటు కలిపి 166 చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు 130 అడవి. 2021 జనవరిలో గలథియా బే అభయారణ్యం హోదా తీసేశారు, 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. నన్నడిగితే ఆ బే పోకూడదు, లెదర్‌బ్యాక్ తాబేలు గుడ్లు పెట్టే అలాంటి ఒడ్డు మన దేశంలో మళ్ళీ దొరకదు. ఉద్యోగాలొస్తాయని ఆశపడే కుర్రాడు కూడా ఆ హాల్లోనే ఉంటాడు, అతని మాట పూర్తిగా విను. నీ అభిప్రాయం అడిగితే దాచకు.

కాలీపూర్ అమ్మ

మాస్టారు గారు అంతా చెప్పారు. నేను డిగ్లీపూర్ వైపు ఉంటాను, కాలీపూర్ బీచ్ దగ్గర మాకు టిఫిన్ కొట్టు ఉంది. తాబేళ్ళ సంగతి నేను చెప్తాను, ఆయన రాయలేదు.

పాపా, ఆగస్టు మా బీచ్‌లో తాబేళ్ళ కాలం కాదు, కాబట్టి నువ్వు కొలతలు పట్టుకెళ్ళాలి. మా బీచ్‌కి నాలుగు రకాలు వస్తాయి, ఎక్కువగా ఆలివ్ రిడ్లేలు. మా పిల్లల బడిలో ఒకసారి అటవీ శాఖ ఆయన వచ్చి చేసింది చెప్తాను. ఒక పింగ్‌పాంగ్ బంతి తెచ్చి ఇది రిడ్లే గుడ్డు సైజు అన్నాడు. అలాంటివి వందకు పైగా ఒక్క గుంటలో అన్నాడు. తర్వాత సుద్దముక్కతో నేల మీద లెదర్‌బ్యాక్ గీశాడు. దాని వీపు ఒక్కటే మా చిన్నదాని కంటే పొడుగు. పిల్లలందరూ ఒక్కొక్కరే అందులో పడుకుని చూసుకున్నారు. దానికి గట్టి డిప్ప ఉండదు, తోలు కప్పినట్టుంటుంది. మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన ఒకదానికి వీపు మీద యంత్రం పెడితే ఆఫ్రికా ఒడ్డు దాకా, పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ఈదిందట. కొన్ని ఆస్ట్రేలియా వైపు పోయాయట. మా చిన్నది ఆ రాత్రి నిద్రపోలేదు, "అమ్మా, దానికి దారి ఎవరు చెప్తారు?" అని అడుగుతూనే ఉంది.

నేను కళ్ళారా చూసినదొకటి. జనవరిలో ఒక రాత్రి రెండు గంటలకి రిడ్లే ఒకటి గుడ్లు పెడుతోంది. వెనక కాళ్ళతో ఇసుక ఎత్తుతుంటే మనం గరిటెతో పిండి తీసినంత జాగ్రత్త. ఒక కాలు తీసి పక్కన పోస్తుంది, రెండో కాలు లోపలికి. గుడ్లు పెట్టాక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఎత్తేసి ఇసుకని దిమ్మిస కొట్టినట్టు కొట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒంట్లో ఉప్పు అలా బయటికి పోతుందని తాబేలు గుడ్లు కాపాడి పొదిగించే హేచరీలో పనిచేసే అబ్బాయి చెప్పాడు. నాకు మాత్రం నా మొదటి కాన్పు గుర్తొచ్చింది. అదే అబ్బాయి ఇంకోటి చెప్పాడు: ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయట, చల్లగా ఉంటే మగవి. ఎండలు ముదిరితే ముందు ముందు ఏమవుతుందో నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

పిల్లల్ని ముందు వరసలో కింద చాప మీద కూర్చోబెట్టు. కుర్చీల్లో కూర్చుంటే వాళ్ళు వినరు.

విశాఖ తీరం

మాస్టారు గారికి నమస్కారం. మీ జవాబు రెండుసార్లు చదివాను. ఒక్కచోట నాకు అభ్యంతరం ఉంది, పెద్దవారు మన్నించాలి.

ఈ కథలో ప్రతిదీ బయటినుంచి వచ్చినదే అన్నట్టు వినపడుతోంది. నత్త వచ్చింది, జింక వచ్చింది, మేక వచ్చింది, మనమూ వచ్చాం. వినడానికి బాగుంటుంది. కానీ వేల ఏళ్ళుగా ఆ అడవిలో ఉన్నవాళ్ళనీ, అరవై ఏళ్ళ కిందట ఓడ దిగినవాళ్ళనీ ఒకే వరసలో నిలబెడితే, "అందరమూ వచ్చినవాళ్ళమే కదా, ఎవరికి హక్కేమిటి" అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆ మాటతోనే ప్రపంచంలో చాలా చోట్ల మొదటివాళ్ళ భూములు పోయాయి.

రెండోది, అమ్మాయికి. ఓంగీలు, జారవాలు, సెంటినలీలు, షోంపెన్‌లు, ఈ దీవుల మొదటి తెగల ఎవరి ఫొటోలూ పెట్టొద్దు. జారవాల ఫొటోలు తీయడం, చూపడం చట్టం ఒప్పుకోదు, అది ఒక కారణం. హార్న్‌బిల్ స్లైడు తర్వాత మనుషుల స్లైడు వస్తే పిల్లల మనసులో రెండూ ఒకే పెట్టెలో పడతాయి, అది నాకు పెద్ద కారణం. "అంతరించిపోతున్న జాతి" అనే మాట పక్షికి వాడు, మనిషికి వాడకు. వాళ్ళకి తెలిసినదాని గురించి చెప్పు. సునామీ రోజున లిటిల్ అండమాన్‌లో ఓంగీలు సముద్రం తీరు చూసి ఎత్తు నేలకి వెళ్ళి బతికారు. మన దగ్గర రేడియో ఉంది, టీవీ ఉంది, మనకి ఆ సంగతి తెలియలేదు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే గ్రేట్ అండమానీ పెద్దావిడ పోయారు, ఆమెతో బో అనే భాష మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు. మా నాయనమ్మ పోయినప్పుడు ఆమె పల్లె మాటలు కొన్ని మా ఇంట్లో ఆగిపోయాయి, కానీ బయట ఊళ్ళో ఇంకా వినపడతాయి. బోవా గారికి చివరి ఏళ్ళలో తన భాషలో పలకరించడానికి ఒక్కరు లేరు. మన ముసలివాళ్ళకి ఇది చెప్తే చాలు.

తాబేళ్ళ గురించి మా ఒడ్డు మాట కూడా కలుపు. మాకు ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా చచ్చిన రిడ్లేలు కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాల్ వలలో చిక్కితే మునిగి చస్తుంది. వలకి తాబేలు బయటపడే కిటికీ పెట్టే పద్ధతి ఉంది. పెట్టుకుంటే చేప పోతుందని భయపడేవాళ్ళు ఇక్కడ ఎక్కువ. భయం తప్పు అనకుండా లెక్క చూపించాలి.

సిప్పీఘాట్ మాస్టారు

నాయనా, మన్నించడానికేముంది, నువ్వన్నది సరైనదే. నేను క్లాసులో పిల్లలకి అలవాటుగా చెప్పే వరస అది. నత్త గురించి చెప్పే రోజునే మనుషుల గురించి ఆ మాట అనకూడదు. అమ్మాయీ, మూడో వారం చెప్పేటప్పుడు ఈ తేడా స్పష్టంగా పెట్టు: వాళ్ళు ఈ అడవిని ఖాళీ చేయకుండా వేల ఏళ్ళు బతికారు, మిగిలిన మనమంతా నూట అరవై చిల్లర ఏళ్ళలో వచ్చినవాళ్ళం. వచ్చే నెల నేనూ ఒక బడిలో మాట్లాడాలి, నా కాగితం మారుస్తున్నాను.

జంగ్లీఘాట్ అమ్మాయి

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. రాత్రి గాజు పలక ప్రయోగం మా వంటింట్లో చేశాను. నాన్న కూడా వంగి కిందనుంచి చూశాడు. ముప్పై ఏళ్ళుగా చంపుతున్నాం గానీ దాని నోరు ఎప్పుడూ చూడలేదు అన్నాడు.

విశాఖ తీరం గారూ, మనుషుల ఫొటోలు రెండు పెట్టుకున్నాను, తీసేశాను. అక్కా, పింగ్‌పాంగ్ బంతులు డజను కొన్నాను, చాప సంఘం వాళ్ళ దగ్గరే ఉంది.

మాస్టారూ, మీరు తాతతో మొదలుపెట్టమన్నారు కదా. తాత లేడు, నాయనమ్మ ఉంది. ఓడలో వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నారు అని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. నిన్న అడిగాను. రెండు వలలు, ఒక ఇత్తడి బిందె, కాళ్ళు కట్టేసిన రెండు కోడిపెట్టలు, చీర కొంగులో ముడేసిన సొరవిత్తనాలు, ఇంకో ముడిలో తోటకూర విత్తనాలు. మూడు రాత్రులు వాంతులు చేసుకుంటూనే ఆ కొంగు మాత్రం విప్పలేదంది. పెరట్లో ఇప్పుడున్న సొరపాదు ఆ విత్తనాల వంశమేనట. దిగిన మొదటి ఏడు అడవి అంచున ఎవరో మంట వేసిన గుర్తులు చూశారట, బూడిద ఇంకా వెచ్చగా ఉందట, భయపడి ఎవరూ ఆ వైపు వెళ్ళలేదట. ఆ మంట ఎవరిదో ఆమెకి తర్వాత తెలిసింది. "వాళ్ళూ మమ్మల్ని చూసే లేచి పోయి ఉంటారు" అంది.

మూడో శనివారం ఇదంతా తనే చెప్తానంది. స్టేజీ మీదికి రాదట, ముందు వరసలో పిల్లల పక్కన చాప మీద కూర్చుని చెప్తుందట. మైకు పట్టుకోవడానికి ఎవరినైనా పెట్టమంది.